మంచు ఫోనులో ఆఖరి వాక్యం

నవంబరు మొదటివారంలో ఒక ఉదయం బస్సులో ఆఫీసుకు వెళ్తూ, ఏళ్ళ తరబడి వేళ్ళకు పట్టిన అలవాటుకొద్దీ, ఉత్తరాన ఉన్న స్కీయింగ్ కొండ మంచు ఫోనుకు డయల్ చేశాను. రెండు రింగులయ్యాక ఒక ఆడగొంతు వినిపించింది. మనిషి గొంతు కాదు, మనిషిలా మాట్లాడమని యంత్రానికి నేర్పిన గొంతు. ఈ సీజను నుంచి ఈ లైను లేదనీ, మంచు వివరాలకు యాప్ చూడమనీ ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేసింది. కిటికీ అవతల మా బర్నబీ ఊరి వాన ఎప్పటిలాగే తొందర లేకుండా కురుస్తోంది. నేను ఫోను అలా చేతిలో పట్టుకుని, దిగవలసిన స్టాపు దాటిపోయాను.

మంచు ఫోను అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి గానీ, నాతోపాటే ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళకు, ఫోనులో డేటా అయిపోతుందని లైబ్రరీ గుమ్మం దగ్గర నిలబడి మెసేజీలు పంపుకున్నవాళ్ళకు, కొంతమందికైనా గుర్తుండే ఉంటుంది. కొండమీద స్కీయింగ్ నడిపేవాళ్ళు, మేము కొండవాళ్ళు అనేవాళ్ళం, ఒక ఫోను నంబరు పెట్టేవారు. తెల్లవారకముందే ఎవరో ఒకరు నిన్నటినుంచి ఎంత మంచు పడిందో, ఇంకా ఎంత పడబోతోందో, గాలి ఎలా ఉందో, మనుషుల్ని పైకి చేర్చే లిఫ్టుల్లో ఏవి తిరుగుతాయో చదివి రికార్డు చేసేవారు. పడకల్లోంచి లేవకుండానే ఊరంతా ఆ నంబరుకు ఫోను చేసి, విని, లేవాలా మళ్ళీ పడుకోవాలా అన్నది తేల్చుకునేది. కొన్నేళ్ళపాటు ఆ నంబరులో వినిపించిన గొంతు నాది. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట మొదటిసారి వినగానే నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. చుట్టాలింట్లో మంచినీళ్ళు కావాలని అడగలేక దాహంతో కూర్చునే రకం పిల్లను నేను. మాట్లాడవలసినదంతా రాత్రి డైరీలో రాసుకుని, అప్పటికి మాట్లాడేసినట్టే తృప్తిపడేదాన్ని.

ఇక్కడి యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదువు పూర్తికాగానే, బర్నబీలోనే ఒక చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. స్కీయింగ్ కొండలకు రోజూ వాతావరణ సూచన రాసిచ్చే ఆఫీసు అది. ఉండటం మా పిన్ని వాళ్ళ బేస్‌మెంట్‌లో. మాది నరసాపురం వైపు. అక్కడ వాతావరణ సూచన అంటే భయం. రేడియోలో ప్రమాద సూచిక నంబరు పెరిగిందని చెబితే, మా ఇంట్లో ముందు పొయ్యిలోకి దాచిన కట్టెలు అటకెక్కేవి, తర్వాత పుస్తకాలు, ఆ తర్వాత నేను. అలాంటి చోటునుంచి వచ్చి, తుఫాను రావాలని కోరుకునే మనుషుల మధ్య పడ్డాను. పసిఫిక్ మీద వాయుగుండం కనిపించిందంటే మా ఆఫీసుకు వరసగా ఫోన్లు వచ్చేవి. ఎప్పుడొస్తుంది, ఎంత తెస్తుంది, చల్లగా వస్తుందా వెచ్చగా వస్తుందా అని, పెళ్ళివారి రాకకోసం అడిగినట్టు అడిగేవారు. వాళ్ళు ఎదురుచూసేది పౌడర్ కోసం. అప్పుడే పడి, ఇంకా ఎవరూ తొక్కని, జల్లించిన బియ్యప్పిండిలా తేలికగా ఉండే మంచుకు వాళ్ళ పేరది. అందులో స్కీయింగ్ చేస్తే కాళ్ళకింద నేల ఉన్నట్టే తెలియదట. ఆ సంగతి నాకు చెప్పింది మా బాబాయి.

బాబాయి వరంగల్ వైపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెమ్మదస్తుడు, గడ్డి కోసే మిషను పక్కింటివాళ్ళకు అరువిచ్చి తిరిగి అడగటానికి మొహమాటపడే స్వభావం. కానీ నలభై దాటాక ఎవరో స్నేహితుడు కొండమీదికి తీసుకువెళ్ళిన నాటినుంచి, అక్టోబరు వచ్చేసరికి ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. గ్యారేజీలో స్కీలకు మైనం పూయడం, అద్దంలో మోకాళ్ళు వంచి నిలబడి చూసుకోవడం, పిన్ని పప్పు వడ్డిస్తుంటే కిటికీలోంచి ఉత్తరం దిక్కు చూడటం. సాయంత్రం నేను ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

“ఎంత పడతది బిడ్డా?”

“ఇంకా తెలీదు బాబాయ్.”

“మీకే తెల్వకుంటే ఇంక ఎవరికి తెలుస్తది?”

“ఊరుకోండి, పిల్లని గుమ్మంలోనే నిలబెట్టి! అదేమైనా జేబులో పెట్టుకొచ్చిందా మంచు?” అనేది పిన్ని వంటింట్లోంచి.

ఆయనకు నామీద ప్రేమ ఉంది గానీ, నా సూచనమీద అంత నమ్మకం లేదు. ఆయన నమ్మేది మంచు ఫోనును. అందులో అప్పట్లో వినిపించే గొంతు మా ఆఫీసులో పెద్దాయనది. నాకు పని నేర్పినవాడు. తెల్ల గడ్డం, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు, మధ్యాహ్నం ఒకే రకం సాండ్‌విచ్. కంప్యూటరు లెక్కలు చదవడం నాకు చదువులోనే వచ్చినా, వాటిని మనుషులకు ఎలా చెప్పాలో నేర్పింది ఆయనే. తొలి మంచు విషయంలో ఆయనకు గట్టి పట్టింపు ఉండేది. సీజను మొదట్లో పడవలసింది పౌడర్ కాదనేవాడు. ముందు తడిసిన, బరువైన, ఎవరికీ నచ్చని మంచు పడాలి. ఇల్లు కట్టేముందు నేలను దిమ్మిసతో కొట్టినట్టు, అది రాళ్ళమీదా పొదలమీదా పడి గట్టిపడాలి. ఆ తర్వాతే తేలిక మంచుకు అందం. అలా కాక ముందే పౌడర్ పడితే, అందరూ కోరుకునే ఆ తేలికతనమే ప్రమాదం. మనిషి అందులో దిగిపోతాడు, కింద ఏముంటే దాన్ని కొట్టుకుంటాడు. కానీ ఫోను చేసేవాళ్ళు వినేది ఒక్క అంకె. ఎన్ని సెంటీమీటర్లు అన్నది వినగానే సగంమంది ఫోను పెట్టేస్తారని ఆయన నవ్వేవాడు.

అందుకే ఆయనకొక పద్ధతి ఉండేది. కాగితంమీద కొండవాళ్ళు, మా మేనేజరు కలిసి ఒప్పుకున్న సూచన ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు చదివేవాడు. అది అయ్యాక, కాగితంలో లేని ఒక వాక్యం తనంతట తాను చెప్పేవాడు. ఒకరోజు గాలి విసురుగా ఉంది, చెవులు కప్పుకోండి అని. ఒకరోజు పైన టీ కొట్టు ఇంకా తెరవలేదు, ఫ్లాస్కు తెచ్చుకోండి అని. ఆఖరి వాక్యం చదివేవాడిది అని ఆఫీసులో అదొక అలిఖిత ఆచారం. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. అంకె వినగానే ఫోను పెట్టేసేవాళ్ళు కూడా ఆ వాక్యం కోసమే చివరిదాకా ఆగడం నేర్చుకున్నారని ఆయన నమ్మకం. మా బాబాయి సరిగ్గా అలా నేర్చుకున్నవాడే.

ఆ ఏడు సీజను మొదలవడానికి ముందు ఆదివారం, చర్చి అయిపోగానే, బాబాయి మమ్మల్నందర్నీ కొండ చూపించడానికి తీసుకువెళ్ళాడు. అప్పటికి అక్కడ మంచు లేదు. రెండు దారుల్లో మాత్రం యంత్రాలతో మంచు తయారుచేసి, ట్రాక్టరుతో తొక్కించి గట్టిగా పరిచారు. పచ్చటి కొండకు రెండు తెల్లటి పట్టీలు కట్టినట్టున్నాయి. ఆ రెంటి మధ్యలో దేవదారు చెట్లు. మా చెల్లి, అంటే పిన్ని కూతురు, అప్పటికి పదిహేనేళ్ళది, నన్ను చెయ్యిపట్టుకుని ఆ చెట్లలోకి లాక్కుపోయింది. నేను తెలుగులో అడిగితే తను ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఇద్దరికీ అలవాటైపోయి, రెండు భాషలని కూడా తోచేది కాదు. ఈసారి నాన్నతోపాటు చెట్లలోంచి దిగబోతోందట. ఇన్నేళ్ళూ చిన్నదానివని వద్దన్నాడట. ఏ చెట్టు పక్కనుంచి తిరగాలో, ఎక్కడ దూకాలో, చేతులతో గాలిలో గీసి చూపించింది.

“దట్స్ అవర్ లైన్, అక్కా. పౌడర్ పడిన ఫస్ట్ డే!”

నేను చూసింది వేరు. తను చూపించిన దారి పొడవునా ఎప్పుడో నరికిన చెట్ల మొద్దులు, మోకాటి ఎత్తువి, వాటి అంచులు పంటికొసల్లా లేచి ఉన్నాయి. మధ్యలో నాచు పట్టిన రాళ్ళు, ఒకచోట సన్నటి వాగు. మొద్దులు కూర్చోవడానికి మాత్రం వీలుగా ఉన్నాయి. పిన్ని తెచ్చిన పులిహోర మేము వాటిమీద కూర్చునే తిన్నాం. బాబాయికి ఆకలి లేదు. నిలబడి, ఆకాశం వైపు చూస్తూ తిన్నాడు.

ఆ వారం మధ్యలో కంప్యూటరు లెక్కలన్నీ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి. మా తీరంలో అది అరుదు. సాధారణంగా సముద్రపు గాలి వెచ్చగా వచ్చి, కొండ నడుము దాకా వాన, పైన తడిమంచు. ఈసారి లోపలి ప్రాంతాలనుంచి ఎముకలు కొరికే చల్లగాలి లోయలవెంట దిగుతుంది. దానిమీదికి తేమ ఎక్కుతుంది. శుక్రవారం సాయంత్రానికి మొదలై, శనివారం కొండ తెరిచే వేళకు నలభై సెంటీమీటర్ల దాకా పౌడర్. నేను వేసిన లెక్కను పెద్దాయన రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చాడు. ఆయన దగ్గర అదే మెచ్చుకోలు. లెక్క సరైనదన్న ధీమా నాకు నిండుగా ఉంది. అందుకే మనసు కుదురుగా లేదు. నా అంకె ఎంత నిజమైతే, ఆ మొద్దులు అంత అందంగా కప్పబడిపోతాయి.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. నా జీవితంలో ఎవరూ అడగకుండా చెప్పిన కొద్ది మాటల్లో అది ఒకటి.

“బాబాయ్, రేపు చెట్లలోకి వద్దు. కింద గట్టి మంచు ఏమీ లేదు.”

“నలభై పడతదన్నది నువ్వే గద!”

“పడుతుంది. కానీ తేలిక మంచు. దిగిపోతారు.”

“దిగిపోవాలనే గద బిడ్డా పోయేది!” అని నవ్వాడు. “నువ్వు స్కీ వెయ్యవు, నీకు తెల్వదు. పొద్దుగాల ఫోన్‌ల పెద్దాయన ఏం చెప్తడో ఇందాం. ఆయన వద్దంటే పోము, సరేనా?”

చెల్లి నావైపు చూడను కూడా చూడలేదు. తన కొత్త హెల్మెట్ కంచం పక్కనే పెట్టుకుని తింటోంది. పోనీలే, పెద్దాయన తప్పకుండా చెబుతాడు, ఆఖరి వాక్యం ఇదే అవుతుంది అనుకుని పడుకున్నాను.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేసరికి పెద్దాయన కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతులతో సైగలు చేస్తున్నాడు. జలుబు ముదిరి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. మేనేజరు ఆవిడ, చురుకైన మనిషి, మాటలో తడబాటు ఎరగనిది, ఆ రోజు మాత్రం కాగితం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. తనే చదవవచ్చు గానీ, అవతల కొండవాళ్ళు ఇంకో ఫోనులో వదలడం లేదు. గదిలో ఇక మిగిలింది నేను. కాగితం నా చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు, ఆఖరి వాక్యం జోలికి పోవద్దు, కొత్త గొంతుకు అవి అవసరం లేదు అని గబగబా చెప్పి తలుపు మూసుకుంది. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. వర్క్ పర్మిట్‌తో ఉన్నవాళ్ళకు ఆ మాట బరువెంతో నేను విప్పి చెప్పనక్కర్లేదు.

కాగితంలో ఒక్క అబద్ధం లేదు. రాత్రినుంచి ముప్పయ్యెనిమిది సెంటీమీటర్లు, ఇంకా పడుతోంది, ఎండుగా తేలికగా ఉంది, గాలి తక్కువ, లిఫ్టులు సమయానికి తిరుగుతాయి, సీజనుకు స్వాగతం. ప్రతి మాటా నిజం, ప్రతి అంకె నా లెక్కకు దగ్గర. కింద ఏముందన్నది మాత్రం ఎక్కడా లేదు.

మొదటిసారి రికార్డు చేస్తే తొలి అంకె దగ్గరే తడబడ్డాను. చెరిపేశాను. రెండోసారి మరీ తొందరగా చదివాను. అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. చిన్నప్పుడు చర్చిలో బైబిలు వాక్యం చదివే వంతు వస్తే నాకు ముందురోజే జ్వరం వచ్చేది. నాన్న పెరట్లో నిలబెట్టి చదివించేవాడు. “నువ్వు చదివేది నీకోసం కాదమ్మా, వెనక బెంచీలో చెవుడున్న మామ్మ కోసం. ఆవిడ ఒక్కదానికి అర్థమయ్యేలా చదువు. మిగతావాళ్ళ సంగతి వదిలెయ్” అనేవాడు. ఆ మామ్మను తలుచుకుంటే నాకు నిజంగానే భయం తగ్గేది. ఆ రోజు ఆ చిన్న గదిలో ఫోను పట్టుకుని, వెనక బెంచీలో ఎవరున్నారా అని చూసుకున్నాను. హెల్మెట్ పక్కన పెట్టుకుని మా చెల్లి ఉంది.

మూడోసారి కాగితం చివరిదాకా, నింపాదిగా, కామాల దగ్గర ఆగుతూ చదివాను. చదివి, కాగితం బోర్లించి, నా ఆఖరి వాక్యం చెప్పాను. ఇంగ్లీషులో చెప్పినదాన్ని ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను. “ఈ అందమైన మంచుకింద ఇంకా ఏమీ లేదు. చెట్లమధ్య మొద్దులూ రాళ్ళూ మీకు కనబడకుండా ఉన్నాయి. పోయిన ఆదివారం నేను వాటిమీదే కూర్చుని భోజనం చేశాను కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. ఈ వారానికి చదునుచేసిన దారుల్లోనే ఉండండి.” ఆఖరి వాక్యం ఒకటే ఉండాలన్నది ఆచారం. నావి నాలుగయ్యాయి. మళ్ళీ వినకుండానే సేవ్ చేసే బొత్తాం నొక్కేశాను. ఆ మాట ఆ రోజు డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ సమయానికి ఇంట్లో జరిగింది పిన్ని ఎన్నిసార్లు చెప్పిందంటే, నేనే అక్కడ పొయ్యి పక్కన నిలబడి చూసినట్టుంటుంది. బాబాయి స్కీయింగ్ మేజోళ్ళు వేసుకుని, ఫోను స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచాడు. చెల్లి బూట్లు బిగించుకుంటోంది. పిన్ని ఉప్మా కలుపుతోంది.

“ఇదేంది, ఆడపిల్ల గొంతు? పెద్దాయన యాడ పోయిండు?”

“ఆగండి, ఆగండి... ఇది మన పిల్ల గొంతండీ!”

“మన పిల్లనా? మన పిల్ల మాట్లాడ్తదా?”

“ష్! డాడ్! ఇట్స్ అక్కా!”

అంకె వచ్చేసరికి బాబాయి రెండు చేతులూ పైకెత్తాడట. ఆఖరి మాటలు వచ్చేసరికి అవి అలాగే గాలిలో ఉండిపోయాయట. ఫోను పెట్టేసి, మళ్ళీ చేసి, మొత్తం మళ్ళీ విన్నాడు. పిన్నికి ఉప్మా అడుగంటింది.

“ఫోన్‌ల ఆయన వద్దంటే పోమన్నరు గద మీరే,” అని పిన్ని ఆయన యాసలోనే అంటించింది.

“ఆయన గాదు గద చెప్పింది.”

“గొంతు మారితే మొద్దులు లేచిపోతాయేంటి? పులిహోర తిన్నది నిజమా కాదా?”

బాబాయి జవాబు వెతుక్కునేలోపు చెల్లి లేచి నిలబడింది. “ఐయామ్ నాట్ డూయింగ్ ద ట్రీస్, డాడ్. అక్కా సెడ్.” అంతే. ఆ ఇంట్లో తర్వాత దానిమీద చర్చ జరగలేదు.

ఆఫీసులో మాత్రం జరిగింది. కొండవాళ్ళు మేనేజరుకు ఫోను చేసి, సీజను తెరిచే రోజున జనాన్ని బెదరగొడతారా అని అడిగారట. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, చెప్పింది ఒకటి చేసింది ఒకటి ఎందుకైందని అడిగింది. నేను నేలవైపు చూడలేదు. ఆ మొద్దులు నేను చూశాను, ఆ అంకె నేను వేశాను, అంకె చెప్పి మొద్దులు చెప్పకపోతే సగం సూచనే అవుతుంది అన్నాను. ఆఫీసులో నేను మాట్లాడిన అతి పొడుగు మాట అప్పటికి అదే. ఆవిడ కొండవాళ్ళతో తను మాట్లాడుకుంటానంది. నేను తలుపు దాకా వెళ్ళాక, పెద్దాయన గొంతు వచ్చేదాకా రోజూ నువ్వే చదువు, కానీ ఇకమీద నీ ఆఖరి వాక్యం ఏమిటో నాకు ముందు చెప్పు అంది. బయట పెద్దాయన మఫ్లరులోంచి నవ్వుతున్నాడు. చప్పుడు లేని నవ్వు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గ్యారేజీలో దీపం వెలుగుతోంది. చెల్లి లోపల సోఫాలో అలిసిపోయి నిద్రపోతోంది, బుగ్గలు ఎర్రగా కంది. రోజంతా చదునుచేసిన దారుల్లోనే తిరిగి, సంతోషంగా వచ్చిందట. బాబాయి ఒక్కడూ స్టూలుమీద కూర్చుని, ఒడిలో స్కీ తిరగేసి పెట్టుకుని చూస్తున్నాడు. దాని అడుగున ఈ కొసనుంచి ఆ కొసదాకా, కొబ్బరికాయ గీరినట్టు, లోపలి చెక్క బయటపడేలా ఒక గీత. చీకటిపడబోతుండగా, చెల్లిని టీ కొట్టులో కూర్చోబెట్టి, ఒకే ఒక్కసారి అని చెట్లలోకి వెళ్ళాడట. చెల్లి గాలిలో గీసి చూపించిన చోటే, దూకుతానన్న చోటే.

“బాబాయ్, దెబ్బ తగిలిందా?”

“నాకు గాదు.” కాసేపు గీతను బొటనవేలితో తడిమాడు. “పిల్ల నా ముందు పోవాల్సి ఉండె. ఆడ దూకాల్సి ఉండె.” ఆ తర్వాత తలెత్తి, “ఇంకొంచెం గట్టిగ చెప్పాల్సింది బిడ్డా,” అన్నాడు.

“నాలుగు వాక్యాలు చెప్పాను బాబాయ్.”

“ఐదోది నా పేరు పెట్టి చెప్పాల్సింది.”

ఇద్దరం నవ్వాం. ఆ స్కీని ఆయన బాగుచేయించలేదు, పారెయ్యలేదు. గ్యారేజీ గోడకు మేకు కొట్టి, గీత బయటికి కనబడేలా తగిలించాడు. అదింకా అక్కడే ఉంది. ఆ మరుసటి రోజునుంచి గుమ్మంలో ఆయన ప్రశ్న మారింది. ఎంత పడతది అని అడగడం మానేసి, “కింద ఏమున్నది బిడ్డా?” అని అడిగేవాడు.

పెద్దాయన గొంతు రెండువారాల్లో తిరిగొచ్చింది గానీ, ఫోనులో చదవడానికి ఆయన తిరిగి రాలేదు. నింపాదిగా చదివే అమ్మాయినే ఉంచమని, మొద్దుమీద భోజనం చేసిన అమ్మాయి అని ఆనవాలు చెప్పి మరీ అడిగారట ఫోను చేసినవాళ్ళు. ఆయన ఆ ఏడాదే రిటైరవ్వాలని ముందే అనుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. అలా, వేరే ఆఫీసుకు మారేదాకా, కొన్ని శీతాకాలాలు నేనే చదివాను. మా తెలుగు చర్చిలో ఆంటీలకు ఈ సంగతి ఎలాగో పాకింది. స్కీలు ముట్టుకోనివాళ్ళు, మంచు పడితే గుమ్మం దాటనివాళ్ళు, పొద్దున్నే లేచి ఆ నంబరుకు ఫోను చేసేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని ఒక ఆంటీ, “నీ మంచు వార్త వింటూనే పోపు పెడతానమ్మా, ఆ సెంటీమీటర్లు నాకేం తెలియవు గానీ, ఆఖర్న ఏదో జాగ్రత్త చెబుతావు చూడు, అది మా అమ్మ చెప్పినట్టే ఉంటుంది” అంది. నేను సిగ్గుతో నా కాఫీ ఒంటిమీద ఒలకబోసుకున్నాను. ఫోనులో ఎంత మాట్లాడినా, ఎదురుగా మనిషి ఉంటే నా సంగతి మారలేదు, ఇప్పటికీ మారలేదు.

మారినవి వేరే ఉన్నాయి. ఇప్పుడు అంకె యాప్‌లో పెద్ద అక్షరాలతో, ఎక్కువ పడితే ఊదారంగులో మెరుస్తూ వస్తుంది. గంట గంటకూ తనంతట తాను సరిచేసుకుంటుంది. మా లెక్కలు అప్పటికంటే ఎంతో మెరుగయ్యాయి, ఆ పనిలో నా చెయ్యీ ఉంది కాబట్టి ఆ మాట గర్వంగానే చెబుతాను. మంచి అంకె కావాలంటే ఇప్పుడే దొరుకుతుంది, పాత రోజుల్లో కాదు. కానీ ఆ తెరమీద ఆఖరి వాక్యానికి చోటు లేదు. అడిగితే, కింద ఒక చిన్న గుర్తు నొక్కితే జాగ్రత్తలన్నీ ఉంటాయంటారు. ఉంటాయి. అవి ఎవరు చదివారని, ఎవరికోసం చదివారని ఉండదు. వెనక బెంచీలో ఎవరున్నారో యాప్‌కు తెలియదు. బాబాయి మోకాళ్ళు ఇప్పుడు మెట్లకే సరిపోతున్నాయి. పెద్దాయన పోయి కొన్నాళ్ళైంది. ఆ గొంతు రికార్డు ఒక్కటైనా దాచుకుందామంటే, ప్రతి ఉదయం నిన్నటిదానిమీదే కొత్తది రికార్డు చేసేవాళ్ళం, ఏదీ మిగల్లేదు. నావీ మిగల్లేదు.

స్టాపు దాటిపోయిన ఆ ఉదయం, వానలో వెనక్కి నడుస్తుంటే ఫోను మోగింది. మా చెల్లి. ఇప్పుడు తను తీరానికి దూరంగా లోపలి కొండల్లో ఉద్యోగం చేస్తోంది, స్కీయింగ్‌లో దెబ్బలు తగిలినవాళ్ళను కిందికి దించే పని. ఏటా తన కొండమీద తొలి మంచు పడిన రోజున ఫోను చేస్తుంది. యాప్‌లో ఊదారంగు మెరుస్తోందనీ, కుర్రాళ్ళు అప్పుడే వరసకట్టారనీ ఇంగ్లీషులో గబగబా చెప్పింది. చెప్పి, ఊపిరి తీసుకుని, ఆ ఇంట్లో పుట్టి పెరిగి తను నేర్చుకున్న తెలుగులో ఒకే ఒక్క వాక్యం, వాళ్ళ నాన్న యాసలోనే, నెమ్మదిగా అడిగింది.

“అక్కా, కింద ఏమున్నది?”

నేను వానలో ఒక షాపు చూరుకింద ఆగి, వారంరోజులుగా వాళ్ళ కొండమీద ఏమేం పడిందో, ఎంత ఎండకాసిందో, ఏది గట్టిపడిందో ఏది పడలేదో తలుచుకుని, కామాల దగ్గర ఆగుతూ చెప్పడం మొదలుపెట్టాను. చెల్లి చివరిదాకా విన్నది. మధ్యలో పెట్టెయ్యలేదు.